ఇంటి నీటి గొట్టములందు పక్కదారి వాల్వు: ఉపయోగమును, అపాయమును

మన పల్లెలయందు నీటి వాడుక మారినది. ఒకప్పుడు ఇంటికి నీరనగా నూతి గిలకయు, చేదయు, కావడియు మాత్రమే. ఇప్పుడు తిరువూరు పట్టణమునందేగాక చుట్టుపట్ల గ్రామములలోను బోరు, మోటారు, మిద్దెపైని ట్యాంకు, గోడలలో గొట్టములు, వంటయింట నీటిని శుద్ధిచేయు యంత్రము సామాన్యములైనవి. చేదతాడు తెగినచో ఇల్లెల్ల తెలియును. గొట్టములోని లోపము అట్లు తెలియదు. నీరు ఎప్పటివలెనే వచ్చుచుండును, ఎప్పటివలెనే తెల్లగా నుండును. అట్టి కనబడని లోపములలో పక్కదారి వాల్వువలన గలుగునవి ముఖ్యములు. ఈ వాల్వును బైపాసు వాల్వు అనియు వ్యవహరింతురు. తగిన చోట ఉన్నయెడల ఇది ఇంటికి మిక్కిలి ఉపకారి. తగని చోట ఉన్నయెడల, లేక మరచి తెరచి ఉంచబడినయెడల, వేలు పోసి కొన్న యంత్రమును వ్యర్థముచేయును; ఆరోగ్యమునకును హాని చేయును.

మన ప్రాంతమునకు ఈ పాఠము విశేషముగా అవసరము. తిరువూరు 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీ వరకు కృష్ణాజిల్లాలో నుండి, ఆ దినమునుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. జిల్లా డెల్టా భాగమువలె గాక, ఇది మెట్ట. నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు ఈ వైపునకు తుదిభాగమున చేరునది గనుక, మామిడితోటలకును, మిరప ప్రత్తి చేలకును, ఇండ్లకును బోరే పెక్కుచోట్ల ఆధారము. బోరునీరు రాతిపొరల సందులలో చిరకాలము నిలిచి వచ్చునది; ఆ రాళ్లలోని లవణములను తనలో కరగించుకొని వచ్చును. అందుచేత అది తరచుగా కఠినజలము. కొన్ని చోట్ల ఫ్లోరైడును కలిగియుండును. పొరుగుననున్న ఎ. కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి ప్రబలుటయు, అచ్చటి భూగర్భజలమునందలి ఫ్లోరైడును గూర్చి ఆందోళన కలుగుటయు, ఆ గ్రామములకు కృష్ణాజలమును గొట్టములద్వారా తెచ్చు పథకము చేపట్టబడుటయు పాఠకులెరిగినవే. ఆ వ్యాధికి ఫ్లోరైడు ఒక్కటియే కారణమని శాస్త్రజ్ఞులు నిశ్చయింపలేదు. అయినను త్రాగునీటి విషయమున అజాగ్రత్త కూడదని ఆ యనుభవము మనకు చెప్పుచున్నది.

1. పక్కదారి అననేమి?

చెరువునకు అలుగు ఏల కట్టుదురో రైతునకు చెప్పనక్కరలేదు. తూము ద్వారా పోవలసిన నీరు తూమున పోవును. మిక్కిలియైన నీరు కట్టను తెంపకుండ అలుగు మీదుగా ప్రక్కకు పోవును. గొట్టములయందలి పక్కదారియు ఇట్టిదే. ఒక యంత్రము గుండా పోవలసిన నీటిని, అవసరమైనప్పుడు ఆ యంత్రమును తాకకుండ దాని ప్రక్కగా పోనిచ్చు గొట్టమునకు పక్కదారియని పేరు. ఆ గొట్టమును తెరచుటకును మూయుటకును అమర్చిన వాల్వే పక్కదారి వాల్వు.

డ్రిప్పు పెట్టుకొన్న రైతులకు ఇది చేతికి అలవాటైన వస్తువే. ఎరువును నీటిలో కలుపు వెంచురీని చూడుడు. అది ముఖ్యగొట్టమునకు ప్రక్కగా అమర్చబడియుండును. ముఖ్యగొట్టపు గేటువాల్వును కొంత మూసినప్పుడు దానికి ముందు ఒత్తిడి హెచ్చి, వెనుక తగ్గును. ఆ తేడాచేత కొంత నీరు వెంచురీ గుండా వేగముగా పరుగెత్తును. ఆ వేగమువలన దాని నడుమ ఒత్తిడి పడిపోయి ఎరువునీరు లోనికి పీల్చబడును. వాల్వు పూర్తిగా తెరచియున్నచో వెంచురీ పనిచేయదు. అట్లే బోరు పెద్దదై మడి చిన్నదైనప్పుడు, మిగిలిన నీటిని ఒక వాల్వుద్వారా బావిలోనికో తొట్టిలోనికో మరలించి పైపులు పగులకుండ కాపాడుదురు. అదియు పక్కదారియే.

ఈ రెండు ఉదాహరణములనుండి ఒక సూత్రమును గ్రహింపవలెను. రెండుదారులు తెరచియున్నప్పుడు నీరు రెంటను పోవును; అడ్డు తక్కువగానున్న దారిన ఎక్కువగా పోవును. నీరు పల్లమెరుగునన్న సామెత గొట్టములలోను వర్తించును. వడపోత యంత్రములో ఇసుకయో, బొగ్గో, సన్నని పొరయో అడ్డుగా నుండును. పక్కదారిలో ఏ యడ్డును లేదు. కావున పక్కదారి కొంచెము తెరచియున్నను, అనుకొన్నదానికంటె చాల ఎక్కువ నీరు శుద్ధికాకుండ పోవును. ఈ పాఠమునకంతకును ఇదియే మూలము.

2. మూడు వాల్వుల అమరిక

సరియైన పక్కదారికి మూడు వాల్వులు వలయును.

మొదటిది ప్రవేశవాల్వు: యంత్రములోనికి నీరు పోవుచోట.
రెండవది నిర్గమవాల్వు: యంత్రమునుండి నీరు వెలికి వచ్చుచోట.
మూడవది పక్కదారి వాల్వు: ఈ రెంటికిని వెలుపల, రెండు గొట్టములను కలుపు అడ్డగొట్టముపైన.

నిత్యము వాడునప్పుడు మొదటిది, రెండవది తెరచియుండవలెను, మూడవది మూసియుండవలెను. మరమ్మతు సమయమున మూడవది తెరచి, తక్కిన రెండును మూయవలెను. కొందరు ఖర్చు తగ్గునని నిర్గమవాల్వును మానివేయుదురు. అది తప్పు. ఆ వాల్వు లేనిచో పక్కదారిన పోవు నీరు వెనుకనుండి యంత్రములోనికి తిరిగి వచ్చును. యంత్రమును విప్పినప్పుడు ఇల్లు తడిసిపోవును. యంత్రమునకు రెండు ప్రక్కలను యూనియన్లు వేసినచో గొట్టము కోయనక్కరలేకుండ విప్పుకొనవచ్చును.

యంత్రమును తప్పించు క్రమము:

(1) విద్యుత్తుతో పనిచేయు యంత్రమైనచో ముందు స్విచ్చి ఆపవలెను.
(2) పక్కదారి వాల్వును నెమ్మదిగా తెరువవలెను.
(3) ప్రవేశవాల్వును మూయవలెను.
(4) నిర్గమవాల్వును మూయవలెను.
(5) యంత్రము అడుగుననున్న చిన్న కొళాయిని విప్పి లోపలి ఒత్తిడిని విడువవలెను. తరువాతనే మూత విప్పవలెను.

దారి తెరువకముందే తక్కిన రెంటిని మూసినచో, నడచుచున్న మోటారు నీటికి దారిలేక గొట్టములపై దెబ్బ పడును, అతుకులు వదలును. అందుచేతనే తెరచుట ముందు, మూయుట వెనుక.

యంత్రమును మరల వాడుకలోనికి తెచ్చు క్రమము:

(1) ప్రవేశవాల్వును కొంచెముగా తెరచి, యంత్రము నిండనిచ్చి, అడుగుకొళాయిద్వారా గాలిని వెడలగొట్టవలెను.
(2) నీరు తేటగా వచ్చువరకు అడుగుకొళాయినుండి పారనిచ్చి, దానిని మూయవలెను.
(3) ప్రవేశవాల్వును పూర్తిగా తెరచి, పిమ్మట నిర్గమవాల్వును తెరువవలెను.
(4) పక్కదారి వాల్వును పూర్తిగా మూయవలెను.

మరపువలన విడిచిపెట్టబడునది ఈ నాలుగవ పనియే. తక్కిన మూడింటిలో ఏది మరచినను నీరు రాకపోవుటచేతనో, కారుటచేతనో వెంటనే తెలియును. నాలుగవది మరచినచో నీరు మునుపటికంటె ధారాళముగా వచ్చును, ఇంటివారు సంతోషింతురు. మేస్త్రీ వెడలకముందే మూడు వాల్వుల పిడులను ఇంటి పెద్ద స్వయముగా చూచుకొనవలెను.

3. పక్కదారి ఎచ్చట ఉపకారి?

మడ్డి వడపోతకు. ట్యాంకునుండి వచ్చు ఇసుకను, బురదను ఆపు వడపోతకు పక్కదారి యుండుట మంచిది. దానిని కడుగునప్పుడు ఇల్లు ఎండిపోదు. మరియొక ఉపయోగమును గలదు. పది మీటర్ల ఎత్తునుండి దిగు నీటికి చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలో ఒత్తిడి కలుగును. మిద్దెపైని ట్యాంకులోని నీటిమట్టము కొళాయికంటె 3 మీటర్ల ఎత్తుననే యున్నచో ఆ ఒత్తిడి 0.3 కిలో మాత్రమే. ఇంత స్వల్పమైన ఒత్తిడిని మడ్డిపట్టిన వడపోత సులభముగా మ్రింగివేయును. కొళాయిలో ధార తగ్గినప్పుడు పక్కదారిని ఒక నిమిషము తెరచి చూడుడు. ధార హెచ్చినచో దోషము వడపోతలో నున్నది. హెచ్చనిచో గొట్టములోనో, ట్యాంకులోనో, కొళాయిలోనో వెదకవలెను. విప్పి చూచు శ్రమ లేకయే దోషస్థానము తెలియును.

ఒత్తిడి పెంచు మోటారునకు. మిద్దె ట్యాంకుక్రింద చిన్న మోటారు పెట్టువారు పెరిగినారు. కరెంటు పోయినప్పుడు ఆ మోటారే నీటికి అడ్డమగును. దానికి పక్కదారి యున్నచో ట్యాంకు నీరు తనంతట దిగును. కాని ఈ పక్కదారిలో తిరుగుమరలని వాల్వు, అనగా నాన్-రిటర్న్ వాల్వు, ట్యాంకునుండి ఇంటివైపునకు మాత్రమే నీరు పోవునట్లు అమర్చవలెను. అది లేనిచో మోటారు త్రోసిన నీరు పక్కదారిన వెనుకకు వచ్చి, మరల మోటారులోనికే చేరి, గానుగెద్దువలె అచ్చటనే తిరుగుచుండును; కొళాయికి ఒత్తిడి చేరదు, కరెంటు మాత్రము ఖర్చగును.

నీళ్లు కాచు యంత్రమునకు. కఠినజలమువలన గీజరులలోను, సూర్యరశ్మితో నీళ్లు కాచు యంత్రములలోను సున్నపు గార పట్టును. గార తీయుటకు పక్కదారి సహాయపడును. అయితే ఇచ్చట ఒక కఠినమైన నియమము గలదు. వేడియగు నీరు వ్యాకోచించును. ప్రవేశ నిర్గమములు రెండును మూసి, లోపల వేడి సాగుచున్నచో పాత్ర పగులును. కావున ముందు కరెంటు ఆపవలెను. ఆవిరి వెడలు గొట్టమునకుగాని, రక్షకవాల్వునకుగాని ఏ కారణముచేతను అడ్డువాల్వు బిగింపరాదు.

4. కఠినజలమును మృదువుచేయు యంత్రము

సబ్బు నురుగు రానిదియు, బక్కెట్లకు తెల్లని గార పట్టించునదియు అగు నీరు కఠినజలము. దానిలో కాల్షియము, మెగ్నీషియము అను లోహముల లవణములుండును. మృదువుచేయు యంత్రములోని చిన్న గుళికలు ఆ రెంటిని తాము పట్టుకొని, వానికి బదులు సోడియమును నీటికిచ్చును. గుళికల శక్తి తరిగినప్పుడు ఉప్పునీటితో కడిగి మరల శక్తి కలిగింతురు. ఇది మార్పిడియేగాని తొలగింపు కాదు. లీటరునకు 600 మిల్లీగ్రాముల కాఠిన్యముగల నీటిని పూర్తిగా మృదువుచేసినచో, ఆ లీటరులో సుమారు 276 మిల్లీగ్రాముల సోడియము క్రొత్తగా చేరును.

దీనినుండి రైతు గ్రహింపవలసినవి రెండు గలవు.

మొదటిది, ఆ నీటిని పెరటిమొక్కలకు, కూరపాదులకు పోయరాదు. సోడియము హెచ్చిన నేల ఏమగునో చౌడుభూమిని సాగుచేసిన వారికి తెలియును: మన్ను బిగిసి, నీరు ఇంకక, వేరునకు గాలి ఆడదు. కావున పెరటికొళాయికి పోవు గొట్టమును యంత్రమునకు ముందే చీల్చి, యంత్రముతో సంబంధము లేకుండ తీసికొనిపోవలెను. ఈ చీలికయు శాశ్వతమైన పక్కదారియే; దీనిలో అపాయమేమియు లేదు, లాభమే. గుళికలు కడిగిన ఉప్పునీటినిగూడ తోటలోనికి విడువరాదు.

రెండవది, నీటిని పూర్తిగా మృదువుచేయవలసిన పని లేదు. భారతీయ ప్రమాణముల సంస్థవారి 10500వ సంఖ్యగల త్రాగునీటి ప్రమాణము ప్రకారము కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాముల వరకు అంగీకార్యము. వేరు నీరు దొరకనిచోట 600 వరకు సహింపదగినది. మనవద్ద 600 కాఠిన్యముగల నీరున్నదనుకొందము. మూడవ వంతు నీటిని పక్కదారిన పోనిచ్చి, మిగిలిన రెండు వంతులను యంత్రమున మృదువుచేసి కలిపినచో, కలిసిన నీటి కాఠిన్యము 200 అగును. ఉప్పు ఖర్చు మూడవ వంతు తగ్గును. సోడియము 276 నుండి 184కు దిగును. ఇచ్చట పక్కదారి వాల్వును కొంచెము తెరచియుంచుట దోషము గాదు, నేర్పు. అయితే వాల్వు ఎంత తిప్పిన ఎంత నీరు పోవునో కంటితో చెప్పజాలము. కొళాయిలు ఒకటి తెరచినప్పుడును, నాలుగు తెరచినప్పుడును ఆ పాలు మారును. కలిసిన నీటిని పరీక్షించి మాత్రమే వాల్వును స్థిరపరుపవలెను.

మరియొక విషయము. తమంతట తాము గుళికలను కడుగుకొను యంత్రములు పెక్కింటిలో, కడుగుడు జరుగునంతసేపు మార్పులేని కఠినజలమే ఇంటికి పోవునట్లు లోపల ఏర్పాటుండును. అట్టివానిని రాత్రి వేళ కడుగునట్లు అమర్చుకొనుట మేలు. రక్తపుపోటుగలవారును, మూత్రపిండముల రోగులును మృదువుచేసిన నీటిని వైద్యుని సలహాలేక త్రాగరాదు. అన్నిటికంటె ముఖ్యము: ఈ యంత్రము ఫ్లోరైడును తీసివేయదు.

5. త్రాగునీటి యంత్రమునకు పక్కదారి

ఇంతవరకు చెప్పినచోట్ల పక్కదారి పొరపాటున తెరచియుండినను నష్టము గారయో, మడ్డియో. ఫ్లోరైడు తొలగించు యంత్రము విషయమున అట్లు గాదు.

ఫ్లోరైడు తెలుగునాటికి క్రొత్త శత్రువు గాదు. అప్పటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లాయందలి ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి షార్టు, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు 1937వ సంవత్సరమున ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో ప్రకటించిరి. ఎముకలను వంచి, బిగియజేయు ఆ వ్యాధికి త్రాగునీటిలోని ఫ్లోరైడే మూలమని లోకమునకు తెలిసినది. పిమ్మట నల్లగొండ జిల్లా బాధలు దేశమంతట తెలిసినవి. నాగపూరునందలి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడి ఉపయోగించి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టిరి. ప్రమాణము ప్రకారము లీటరు నీటిలో ఫ్లోరైడు 1.0 మిల్లీగ్రాము మించకుండుట మంచిది. వేరు నీరు లేనప్పుడు 1.5 వరకు మాత్రమే సహింపవచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాచినచో పోదు, నీరు ఆవిరియై తరుగుటచేత మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. గుడ్డలో వడగట్టినను, మామూలు కొవ్వొత్తి వడపోతలో పోసినను, క్లోరిను కలిపినను పోదు. శక్తి కలిగించిన అల్యూమినా గుళికలు, లేక నీటిని సన్నని పొరగుండా ఒత్తిడితో త్రోయు ఆర్.ఓ. యంత్రము దానిని తగ్గించును.

ఆర్.ఓ. యంత్రములోని దాగియున్న పక్కదారిని గూర్చి ప్రతి గృహస్థుడును తెలిసికొనవలెను. చాల యంత్రములలో టి.డి.ఎస్. సరిచేయు మర యొకటి యుండును. ఆర్.ఓ. పొర గడచిన నీరు చప్పగా నుండునని, పొరను తాకని నీటిని కొంత దానిలో కలుపుటకు ఆ మర ఏర్పడినది. పేరు ఏదైనను అది పక్కదారి వాల్వే. దానిగుండా వచ్చు నీరు మడ్డి వడపోతను, బొగ్గు వడపోతను గడచినదే, తేటగానే యుండును, కాని ఫ్లోరైడు అట్లే యుండును.

ఒక లెక్క చూతము. బోరునీటిలో కరిగిన లవణములు లీటరునకు 1200 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 3.0 మిల్లీగ్రాములు అనుకొందము. పొర గడచిన నీటిలో లవణములు 60, ఫ్లోరైడు 0.3 అనుకొందము. రుచికొరకు మర త్రిప్పి నూటికి 30 పాళ్లు బోరునీటిని కలిపినారు.

లవణములు: 1200లో నూటికి 30 పాళ్లు 360, 60లో నూటికి 70 పాళ్లు 42, మొత్తము 402.
ఫ్లోరైడు: 3.0లో నూటికి 30 పాళ్లు 0.90, 0.3లో నూటికి 70 పాళ్లు 0.21, మొత్తము 1.11.

లవణములకు ప్రమాణము 500. కావున మేస్త్రీ చేతిలోని కొలతపరికరము 402 అని చూపి, నీరు బాగున్నదనును. అతడు అబద్ధమాడలేదు, అతని పరికరము ఫ్లోరైడును వేరుగా చూపజాలదు. ఫ్లోరైడు మాత్రము 1.0 దాటిపోయినది. మర ఇంకను తిప్పి నూటికి 50 పాళ్లు కలిపినచో లవణములు 630, ఫ్లోరైడు 1.65 అగును. బిడ్డల దంతములపై మచ్చలుగా ఇది కనబడునాటికి సంవత్సరములు గడచియుండును.

కావున త్రాగునీటికి ఈ నియమములు:

(అ) బోరునీటిలో ఫ్లోరైడు ఎంత గలదో పరీక్షాశాలలో తెలిసికొనకుండ టి.డి.ఎస్. మరను తెరువనీయరాదు. ఫ్లోరైడు హెచ్చుగానున్నచో పూర్తిగా మూయించవలెను. రుచి కావలసినచో, బోరునీటిని కలుపక ఖనిజకణములుంచిన గొట్టము గుండా నీటిని పంపు యంత్రమును కోరవలెను.

(ఆ) అల్యూమినా వడపోతకు వీలైనంతవరకు పక్కదారియే ఉంచరాదు. అది మరమ్మతులో నున్నంతకాలము వేరుచోటినుండి బిందెతో తెచ్చిన మంచినీరు త్రాగుట మేలు. ఆగిపోయిన నీరు మనుష్యుని హెచ్చరించును. ఆగకుండ వచ్చు అశుద్ధజలము హెచ్చరింపదు.

(ఇ) ఊరి వడపోత కేంద్రమువంటి చోట పక్కదారి తప్పనిసరియైనచో, ఒక వాల్వునకు బదులు రెండు వాల్వులను వరుసగా అమర్చి, వాని నడుమ క్రిందికి ఒక చిన్న కొళాయి నుంచవలెను. వాడుకలో రెండు వాల్వులును మూసి, ఆ చిన్న కొళాయిని తెరచియుంచవలెను. మొదటి వాల్వు కారినచో ఆ నీరు త్రాగునీటిలోనికి పోక, చిన్న కొళాయినుండి నేలపై చుక్కలుగా పడును. దోషము దారితప్పి కంటికి కనబడును. దీనికి ఖర్చు స్వల్పము, రక్షణ గొప్పది.

(ఈ) నీటి మూలము మారినప్పుడెల్ల లెక్క మారును. కాలువనీరు, నదినీరు వచ్చు కాలమున నిర్ణయించిన మర, వేసవిలో బోరునకు మరలినప్పుడు పనికిరాదు.

6. బోరు గొట్టమును ఊరి గొట్టముతో కలుపరాదు

పంచాయతీవారి కొళాయి నీరును, ఇంటి బోరునీరును ఒకే ట్యాంకునకు పోవునట్లు, నడుమ ఒక వాల్వు పెట్టి రెండు గొట్టములను కలుపుట అక్కడక్కడ జరుగుచున్నది. ఇది పక్కదారికి మిక్కిలి ప్రమాదకరమైన రూపము. ఊరి గొట్టములో ఒత్తిడి లేనప్పుడు ఆ వాల్వు కొంచెము కారినను బోరునీరు వెనుకకు నడచి ఊరి గొట్టములోనికి చేరును. ఒక ఇంటి పొరపాటు వీధికంతకు త్రాగునీరగును. 2019లో ఆరంభమైన జలజీవన పథకము మనిషికి దినమునకు 55 లీటర్ల మంచినీరు ఇంటికే చేర్చుటను ఉద్దేశించినది. అట్లు దూరమునుండి తెచ్చిన నీటిని మన ఇంటి బోరుతోనే చెరచుకొనుట తగదు. రెండు గొట్టములును వేరువేరుగా ట్యాంకు పైభాగమున, నీటిమట్టమునకు ఎత్తుగా, నడుమ గాలి యుండునట్లు పోయవలెను. త్రాగుటకైనచో ఊరి నీటికి వేరు ట్యాంకే ఉత్తమము.

7. వాల్వు సరిగా మూసికొనుచున్నదా? పరీక్షించు విధము

పిడి మూసిన దిక్కున నున్నంతమాత్రమున వాల్వు మూసికొన్నదని నమ్మరాదు. గేటువాల్వు పీఠముపై ఇసుక నిలిచినను, గార పట్టినను లోపల సందు మిగులును. తరచుగా పూర్తిగా తెరచి మూయుటకు బాలువాల్వు మేలు. దాని పిడి గొట్టమునకు సమముగా నున్నచో తెరచినట్లు, అడ్డముగా నున్నచో మూసినట్లు దూరమునుండియే తెలియును.

మొదటి పరీక్ష: మూడు వాల్వులను మూసి, యంత్రము తరువాతనున్న కొళాయిని తెరువుడు. గొట్టములో మిగిలిన నీరు కారి ఆగిపోవలెను. పావుగంట గడచినను చుక్కలు పడుచున్నచో, ఆ కొళాయికి వేరుదారి లేనిపక్షమున, పక్కదారి వాల్వు కారుచున్నదని అనుమానింపవలెను.

రెండవ పరీక్ష, మృదువుచేయు యంత్రమునకు: ఒకే కొలతగల రెండు సీసాలలో, యంత్రమునకు ముందటి నీటిని ఒకదానను, తరువాతి నీటిని ఒకదానను సగము వరకు పోసి, సమానముగా సబ్బునీటి చుక్కలు వేసి కుదుపుడు. రెంటను నురుగు ఒకే విధముగా నున్నచో నీరు యంత్రముగుండా పోవుటలేదు, లేదా గుళికలు అలసినవి.

మూడవది, ఫ్లోరైడునకు: సబ్బుగాని, నాలుకగాని ఇచ్చట పనికిరావు. శుభ్రమైన రెండు ప్లాస్టికు సీసాలలో బోరునీటిని, శుద్ధియైన నీటిని వేరువేరుగా నింపి, పేరు, తేదీ వ్రాసి గ్రామీణ నీటి సరఫరా శాఖవారి పరీక్షాశాలకు పంపవలెను. రెండు సీసాలును పంపుట ముఖ్యము. ఒక్కదానిని పంపినచో నీటి గుణము తెలియునుగాని యంత్రపు గుణము తెలియదు.

8. నిర్వహణ

వాల్వులను నెలకొకసారి పూర్తిగా త్రిప్పి యథాస్థానమున నుంచవలెను. లేనిచో గార పట్టి బిగిసిపోవును. మూడింటికిని 1, 2, 3 అని రంగుతో అంకెలు వేసి, నిత్యము ఏది తెరచియుండవలెనో ఒక అట్టపై వ్రాసి గోడకు తగిలించవలెను; ఇంటి యజమాని పొలమున నున్నప్పుడు ఇంటివారికి అది మార్గము చూపును. ఎండ తగులుచోట ప్లాస్టికు గొట్టములకు రంగుపూత వేయవలెను. యంత్రమును కొన్నిదినములు తప్పించి యుంచినచో లోపల నిలిచిన నీటిలో క్రిములు పెరుగును. మరల వాడునప్పుడు ఆ నీటినంతయు పారబోసి, త్రాగునీటి వడపోతయైనచో మార్చవలసిన భాగములను మార్చి, పిమ్మటనే పట్టుకొనవలెను. అడ్డగొట్టము వీలైనంత పొట్టిదిగా నుండవలెను. పొడుగైనకొలది నిలువనీరు హెచ్చును.

సహకారముచే సాధ్యమగునవియు కొన్ని గలవు. ఒక్కొక్కరు ఒక్కొక్క సీసాతో పరీక్షాశాలకు పోవుటకంటె, వీధికి పదిమంది సభ్యులు కూడి ఒకే దినమున సీసాలు పంపుట సులభము. వచ్చిన అంకెలను గ్రామచావడిలో వ్రాసిపెట్టినచో ఏ బోరు త్రాగుటకు తగునో, ఏది పశువుల కడుగుడుకు మాత్రమే తగునో ఊరికంతకు తెలియును. వానకాలమునకు ముందొకసారి, తరువాత నొకసారి ఇట్లు చేసినచో కొలది సంవత్సరములలో మన గ్రామముల నీటిచరిత్ర మనచేతనే వ్రాయబడును. విత్తనమును మొలకచూచి చల్లు రైతు, తన బిడ్డ త్రాగు నీటిని పరీక్షింపక పోయుట న్యాయము గాదు.

చర్చకు ప్రశ్నలు

1. పక్కదారి వాల్వును మరచి తెరచియుంచినచో, మడ్డి వడపోతకును ఫ్లోరైడు వడపోతకును కలుగు నష్టములలోని భేదమేమి?
2. ఒత్తిడి పెంచు మోటారు పక్కదారిలో తిరుగుమరలని వాల్వు లేనిచో ఏమగును?
3. బోరునీటి కాఠిన్యము 450. కలిసిన నీటి కాఠిన్యము 150 కావలెనన్న, ఎన్నవ వంతు నీటిని పక్కదారిన విడువవలెను?
4. బోరునీటిలో ఫ్లోరైడు 2.0, ఆర్.ఓ. పొర గడచిన నీటిలో 0.2. నూటికి 20 పాళ్లు బోరునీటిని కలిపినచో ఫ్లోరైడు ఎంత? అది అంగీకార్యమా?
5. మీ యింటి పెరటికొళాయి మృదువుచేయు యంత్రమునకు ముందున్నదా, తరువాత నున్నదా?

మూడవ ప్రశ్నకు జవాబు: మూడవ వంతు. నాలుగవ ప్రశ్నకు జవాబు: 0.40, 0.16 కలిసి 0.56, అంగీకార్యమే. బోరునీటి అంకె తెలిసినప్పుడు మాత్రమే ఈ ధైర్యము చెల్లునని సభ్యులు మరువరాదు.